బియ్యం, పప్పు, కబురు

2014 అక్టోబరు 12, ఆదివారం. నేను హైదరాబాదులో ఉన్నాను, అమ్మానాన్నలు విశాఖపట్నంలో ఉన్నారు. పదకొండు గంటల ప్రాంతంలో అమ్మ ఫోను చేసి, కిటికీ రెక్కలు చీరముక్కలతో బిగించి కట్టామని, బిందెలన్నీ నింపి పెట్టుకున్నామని, మేడ మీద ట్యాంకు మూత చూసి వస్తానని నాన్న బయలుదేరబోతే తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నానని చెబుతూ ఉండగా మాట తెగిపోయింది. ఆ తర్వాత రెండున్నర రోజుల పాటు ఆ సగం వాక్యమే నా దగ్గర మిగిలింది. మధ్యాహ్నానికి హుద్‌హుద్ తుపాను తీరం దాటింది. విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయిన దృశ్యాన్నీ, రోడ్లకు అడ్డంగా కూలిన చెట్లనూ టీవీలో మళ్ళీ మళ్ళీ చూపిస్తూ ఉంటే, కూలిన ప్రతి చెట్టు వెనకా మా గేటు కనిపిస్తుందేమోనని తెరకు దగ్గరగా జరిగి చూసేవాణ్ణి.

మంగళవారం సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. "మీ అమ్మగారూ నాన్నగారూ క్షేమంగా ఉన్నారండీ. వేపచెట్టు గోడ మీద పడింది, ఇంటికేం కాలేదు. ఇంకా చాలా నంబర్లున్నాయండీ, పెట్టేస్తున్నాను." జనరేటరుకు డీజిలు కోసం తుని వైపు బయలుదేరిన ఒక కారు డ్రైవరు చేతికి మా వీధివాళ్ళు పాత క్యాలెండరు కాగితం వెనక నంబర్లు రాసి ఇచ్చారట. సిగ్నల్ అందిన చోట అతను బండి పక్కకు తీసి ఆపుకుని, కాగితంలోని వరస ప్రకారం ఒక్కొక్కరికీ ఫోను చేశాడు. నాతో మాట్లాడింది ఇరవై సెకన్లు కూడా ఉండదు. ఫోను పెట్టేశాక, ఆదివారం నుంచి సరిగా తినలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి, వంటింట్లో నిలబడే అన్నం తిన్నాను.

హుద్‌హుద్ అన్నది ఒక పక్షి పేరు. ఆ పేరును సూచించింది ఒమన్ దేశం. ఖురానులో సులేమాన్ ప్రవక్తకు షేబా రాజ్యపు సంగతులు మోసుకొచ్చిన పక్షి అదే. కబురు తెచ్చే పిట్ట పేరు పెట్టుకున్న తుపాను, లక్షల మంది ఉన్న ఊరికి కబురన్నదే లేకుండా చేసి పోయింది.

ఆ ఇరవై సెకన్ల గురించి పదేళ్ళకు పైగా ఆలోచిస్తూ వచ్చాను. విపత్తు జరిగిన చోటికి మనం బియ్యం పంపుతాం, కందిపప్పు, పామాయిల్, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు పంపుతాం, వాటిని కిలోల లెక్కన ఉత్తర్వుల్లో రాస్తాం, అందకపోతే జనం అడుగుతారు, పత్రికలు నిలదీస్తాయి. కబురుకు మాత్రం ఇలాంటి లెక్క ఏదీ లేదు. ఏ వీధికి ఎన్ని గంటలకు ఏ సమాచారం అందాలో, అందకపోతే ఎవరు జవాబు చెప్పాలో ఎక్కడా రాసి ఉండదు. నా వాదన ఒక్కటే. విపత్తు నుంచి బయటపడినవారి మానసిక ఆరోగ్యం మానసిక వైద్యుడి గదిలో మొదలు కాదు; వీధి చివర మైకులో ఏం చెప్పారు, ఎప్పుడు చెప్పారు, చెప్పింది నిజమైందా అన్న దగ్గర మొదలవుతుంది. కబురును కూడా సహాయ సామగ్రిలో ఒకటిగా లెక్కగట్టాలి. చెప్పడం ఎంత సాయమో వినడమూ అంతే సాయం; ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇది నా సొంత పైత్యం కాదు. అత్యవసర పరిస్థితుల్లో మానసిక ఆరోగ్యం, మనోసామాజిక సహాయం గురించి ఐక్యరాజ్యసమితి సంస్థలూ ఇతర స్వచ్ఛంద సంస్థలూ కలిసి 2007లో ఒక మార్గదర్శక పత్రం వెలువరించాయి. అందులో మందులు, వైద్యసేవలతో పాటు సమాచారానికి ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. ఏం జరిగింది, సహాయం ఎక్కడ దొరుకుతుంది, తమ హక్కులేమిటి అన్నవి బాధితులకు తెలియజేయడం మానసిక ఆరోగ్య చర్యల్లో భాగమేనని ఆ పత్రం చెబుతుంది. అదే ఏడాది స్టీవెన్ హాబ్‌ఫాల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరికొందరు నిపుణులు కలిసి రాసిన ఒక వ్యాసం ఈ రంగంలో బాగా పేరు పొందింది. పెను విపత్తు తర్వాతి తొలి రోజుల్లో, నెలల్లో మనుషులకు దక్కవలసినవి అయిదు అని వాళ్ళు తేల్చారు: భద్రంగా ఉన్నామన్న భావన, మనసు కుదుటపడడం, మనమూ మన ఊరూ ఏదైనా చేసుకోగలమన్న నమ్మకం, అయినవాళ్ళతో సంబంధం, ఆశ. ఈ అయిదింటిలో ఒక్కటైనా కబురు లేకుండా కుదురుతుందేమో చూడండి. కట్ట గట్టిగా ఉందని నమ్మదగినవారెవరో చెప్పనిదే భద్రత ఎక్కడిది? కొడుకు ఫోను కలవని తల్లికి మనసు కుదుటపడేదెలా?

భయం అనేది జబ్బు కాదన్న మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తుపానుకో వరదకో చిక్కినవారిలో దాదాపు అందరికీ కొన్నాళ్ళు నిద్ర పట్టదు, గాలి చప్పుడైతే గుండె జారుతుంది, చిన్న విషయానికి కోపమో ఏడుపో వస్తుంది. ఎక్కువ మందిలో ఇది క్రమంగా తగ్గిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటుంది. కొందరిలో మాత్రం తగ్గక, కుంగుబాటుగానో, ఆ సంఘటనే కళ్ళముందు తిరిగే వ్యాధిగానో స్థిరపడుతుంది. ఎవరు ఏ దారిలో పోతారన్నది ఆ గంటల్లో ఏం చూశారన్న దాని మీదే ఆధారపడదు. తర్వాతి వారాల్లో వారి చుట్టూ ఉన్న పరిస్థితి ఎంత స్థిరంగా ఉంది, ఎంత అయోమయంగా ఉంది అన్నదీ తేలుస్తుంది. అయోమయాన్ని తగ్గించడం మానవ ప్రయత్నంతో అయ్యే పని.

ఎలా అవుతుందో చూడాలంటే భద్రాచలం వెళ్ళాలి. గోదావరి పెరుగుతోందని తెలిసిన రోజున అక్కడ టీ కొట్టు దగ్గర నిలబడితే, మాటల్లో వినిపించేవి అంకెలే. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. "పొద్దున్న నలభై ఆరు, గంటకింత పెరుగుతోంది, రాత్రికి నలభై తొమ్మిది దాటొచ్చు" అని చదువు రానివాళ్ళు కూడా లెక్క కడతారు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చిందన్నదీ, 2022 జులైలో 71.3 వచ్చిందన్నదీ వాళ్ళకు ఇంట్లో పిల్లల పుట్టినరోజుల్లా గుర్తుంటాయి. ఏ అంకెకు ఏ వీధిలోకి నీళ్ళొస్తాయో, ఏ మెట్టు మునుగుతుందో వాళ్ళకు తెలుసు. దిగువన ధవళేశ్వరం దగ్గర ఇదే పని క్యూసెక్కుల లెక్కలో జరుగుతుంది: 10 లక్షలకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. లంక గ్రామాల రైతు ఆ లెక్క విని పశువులను ఎప్పుడు గట్టెక్కించాలో నిర్ణయించుకుంటాడు. వాళ్ళకు భయం లేదని నేననను. ఉంది, కానీ ఆ భయానికి ఒక కొలబద్ద ఉంది. భయాన్ని అడుగుల్లో కొలుచుకోగలిగిన మనిషి చేతులకు పని దొరుకుతుంది: సామాను అటక మీదికి ఎక్కించవచ్చు, ముసలివాళ్ళను కూతురింటికి పంపవచ్చు. హాబ్‌ఫాల్ బృందం చెప్పిన మూడో మాట, మనం ఏదైనా చేసుకోగలమన్న నమ్మకం, గోదావరి తీరాన ఒక అంకెలో ఇమిడి ఉంది. నది తగ్గేటప్పుడు కూడా అదే అంకె పనిచేస్తుందన్నది అంతకంటే ముఖ్యం. 53 కిందికి దిగగానే మూడో హెచ్చరిక ఉపసంహరిస్తారు, 48 కిందికి దిగగానే రెండోది. ప్రమాదం అయిపోయిందని కూడా ఎవరో ఒకరు అధికారికంగా చెప్పాలి. అది చెప్పనంత కాలం శరీరం కాపలా కాస్తూనే ఉంటుంది.

ఇప్పుడు విజయవాడ వాగు బుడమేరు దగ్గరికి రండి. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో విజయవాడలో కురిసిన వానకు, బుడమేరు మళ్ళింపు కాలువకు పడిన గండ్లకు, సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం, వాంబే కాలనీ వంటి ప్రాంతాలు మునిగిపోయాయి. అదే సమయంలో కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం ఉంది కనుక మళ్ళింపు కాలువ నీళ్ళు నదిలోకి దిగే దారి లేకపోయింది. రాజరాజేశ్వరీపేటలో మా పిన్ని వాళ్ళు మొదటి అంతస్తులో ఉంటారు. ఆదివారం ఉదయం తనకు వినిపించింది పాలబ్బాయి కేకే తప్ప మైకు కేక కాదని ఆవిడ ఇప్పటికీ అంటుంది. బుడమేరుకు ఆ ఇళ్ళలో ఎవరికీ తెలిసిన అంకె లేదు. ఎన్ని అడుగులు వస్తే ఏ వీధి మునుగుతుందన్న లెక్క ఎవరి నోటా లేదు. బెజవాడలో పుట్టి పెరిగినవాళ్ళు బుడమేరును దుఃఖదాయని అని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నారు గానీ, అది విశేషణమే తప్ప సమాచారం కాదు.

పిన్ని ఆ ఇంట్లో నాలుగు రాత్రులు ఉంది. కరెంటు లేదు, ఫోను మొదటి రోజే ఆరిపోయింది. ఆకలి గురించి ఆవిడ పెద్దగా చెప్పదు, ఎందుకంటే ఇంట్లో అటుకులు, కొబ్బరికాయలు ఉన్నాయి. పడవల గురించే చెబుతుంది. వీధి చివర పడవ కనిపించిన ప్రతిసారీ మేడల మీద నుంచి అందరూ చేతులూ తువ్వాళ్ళూ ఊపేవారట. మొదటి పడవ మీది మనిషి "వస్తాం, వస్తాం" అని చెయ్యి ఊపి ముందుకు పోయాడు. ఆవిడ మెట్ల మీదే కూర్చుని రెండు గంటలు ఎదురుచూసింది. రెండో పడవ కూడా అంతే. మూడోనాడు వచ్చిన పడవలోని కుర్రాడు మాత్రం తెడ్డు గోడకు ఆనించి ఆపి, "అమ్మా, ఈ పూట ఈ వీధికి రాలేం, అవతల బాలింత ఉంది. రేపు పొద్దున్న ఏడు దాటాక వస్తాం, నీళ్ళు, పాలు తెస్తాం" అన్నాడు. సాయం చేయలేనని చెప్పిన మనిషి అతనొక్కడే. ఆ రాత్రే తనకు నిద్ర పట్టిందని పిన్ని చెప్పింది. మర్నాడు ఎనిమిదిన్నరకు వచ్చాడు.

నేను ఎంతమంది నిపుణుల మాటలు చదివినా ఆ కుర్రాడి వాక్యంలో ఉన్న పనితనం ముందు తక్కువే అనిపిస్తుంది. ఏం కుదరదో చెప్పాడు, ఎందుకు కుదరదో చెప్పాడు, ఎప్పుడు కుదురుతుందో చెప్పాడు, ఏం తెస్తాడో చెప్పాడు. అధికారులు విలేకరుల సమావేశంలో చెప్పే "సహాయ చర్యలు ముమ్మరంగా సాగుతున్నాయి" అన్న వాక్యంలో ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు. ఆ వాక్యం నీళ్ళలో ఉన్నవారి కోసం తయారైనది కాదు, బయట ఉండి చూసేవారి కోసం తయారైనది.

ఇలా నమ్మదగిన మాట లేని చోట ఖాళీ ఖాళీగా ఉండిపోదు. రెండో రాత్రి ఎవరో పక్క డాబా మీద నుంచి "కట్ట మళ్ళీ తెగిందట, ఇంకో ఆరడుగులు వస్తుందట" అని అరిచారు. చీకట్లో జనం డాబాల పైకి ఎక్కడం మొదలుపెట్టారు. మోకాళ్ళు పనిచేయని ఒక ముసలామెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు పైకి మోశారట. నీళ్ళేమీ రాలేదు. తెల్లవారాక ఆ ముసలామెను కిందికి దింపే ఓపిక ఎవరికీ లేక, మధ్యాహ్నం దాకా ఆమె అక్కడే ఎండలో గొడుగు కింద కూర్చుంది.

పుకారు పుట్టించినవాణ్ణి పట్టుకుని కేసు పెట్టాలని ఇలాంటప్పుడు ప్రకటనలు వస్తాయి. కావాలని పుట్టించేవాళ్ళు ఉంటే పెట్టవలసిందే. కానీ పుకారు ఎలా పుడుతుందో మన దేశంలోనే, తొంభై ఏళ్ళ కిందటే ఒకాయన శ్రద్ధగా గమనించాడు. 1934 జనవరి 15న బీహారులో పెను భూకంపం వచ్చాక, పాట్నాలో ఉన్న జమునా ప్రసాద్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అక్కడ తిరుగుతున్న పుకార్లను పోగుచేసి 1935లో ప్రచురించాడు. చంద్రగ్రహణం నాడు మళ్ళీ భూకంపం వస్తుందన్నది వాటిలో ఒకటి. భూమి కదలడం తెలిసింది గానీ పెద్దగా ఏమీ కూలని ప్రాంతాల్లో కూడా, ముందు ముందు ఇంతకంటే ఘోరం జరగబోతోందన్న పుకార్లు విరివిగా తిరిగాయి. భయపడినవారికి మరింత భయపెట్టే కథలు ఎందుకు కావాలి? ఈ ప్రశ్న పట్టుకునే అమెరికాలో లియోన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మనసులో పొసగని భావాల గురించిన తన సిద్ధాంతానికి దారి వేసుకున్నాడు. లోపల భయం ఉంది, కళ్ళ ముందు మాత్రం దానికి తగిన కారణం కనిపించడం లేదు. ఆ రెండింటికీ పొత్తు కుదర్చడానికి మనసు కారణాన్ని కల్పించుకుంటుంది. కాబట్టి పుకారును ముందుగా జ్వరంలా చూడాలంటాను. ఒక వీధిలో పుకార్లు షికార్లు చేస్తున్నాయంటే అక్కడి మనుషుల గుండెల్లో ఎంత భయం పేరుకుని ఉందో అది చెబుతోంది, అక్కడికి సరైన కబురు అందలేదని కూడా చెబుతోంది. ఖండన ప్రకటన ఒక్కటే చాలదు. కట్ట దగ్గర నిలబడి, ఆ వీధివాళ్ళకు తెలిసిన మనిషి ఎవరైనా "నేను చూసి వచ్చాను, పూడ్చే పని ఇంతవరకు వచ్చింది" అని చెప్పాలి.

నిజం చెబితే జనం బెంబేలెత్తి పరుగులు తీస్తారని, అందుకే కొంత దాచామని చెప్పే పెద్దమనుషులు ప్రతి విపత్తులోనూ ఉంటారు. విపత్తుల్లో మనుషుల ప్రవర్తనను దశాబ్దాల పాటు పరిశీలించిన సమాజ శాస్త్రవేత్త ఎన్రికో క్వారంటెల్లి ఈ నమ్మకం చాలావరకు అపోహేనని తేల్చాడు. జనం మూకుమ్మడిగా మతి తప్పి పరుగెత్తడం అరుదు. ఎక్కువగా కనిపించేది ఒకరినొకరు పట్టుకుని, పక్కవాళ్ళను లేపి, ముసలివాళ్ళను మోసుకుంటూ కదలడం. కుర్చీలో ముసలామెను మోసిన నలుగురూ పుకారు నమ్మినవాళ్ళే. వాళ్ళు ఆ భయంలో చేసింది ఏమిటో చూశాం కదా. అటువంటి మనుషులకు నిజం చెప్పడానికి వెనకాడటం ఎందుకు?

నిజం అందరికంటే ఎక్కువగా కావలసింది, తమవాళ్ళు ఏమయ్యారో తెలియనివారికి. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినప్పుడు టెలిఫోను తీగలూ రోడ్లూ తెగిపోయి, అక్కడ ఎంత ఘోరం జరిగిందో బయటి ప్రపంచానికి పూర్తిగా తెలియడానికి రోజులు పట్టింది. పదివేల మందికి పైగా పోయారు. గుర్తుపట్టడానికి ఎవరూ మిగలని శవాలను ఎక్కడికక్కడ సామూహికంగా దహనమో ఖననమో చేయవలసి వచ్చింది. అవనిగడ్డ, నాగాయలంక వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ కాలాన్ని "ఉప్పెనకు ముందు", "ఉప్పెన తర్వాత" అని రెండుగా చీల్చి చెబుతారు. 1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుపానులో వేటకు వెళ్ళిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. వాళ్ళ ఇళ్ళలో చావు కబురు కూడా లేదు. చల్లగా చెప్పినా సరే, చెప్పేవాళ్ళుంటే ఏడ్చి ఊరుకుంటారు. కబురే రాకపోతే ఏడవడం అపచారమవుతుంది, ఏడవకపోవడం అసాధ్యమవుతుంది.

ఈ స్థితికి పాలీన్ బాస్ అనే అమెరికన్ కుటుంబ చికిత్సకురాలు ఇంగ్లీషులో ఒక పేరు పెట్టింది. తెలుగులో తేలని ఎడబాటు అనుకోవచ్చు. మనిషి పోయినట్టూ కాదు, ఉన్నట్టూ కాదు. దుఃఖానికి మొదలు దొరకదు కనుక ముగింపూ దొరకదు. మన పెద్దలకు ఈ బాధ తెలియనిది కాదు. దేహం దొరకనివారి కోసం దర్భలతో ప్రతిమ చేసి దహనం చేసే విధి మన కర్మకాండలో ఉందంటే, ఏదో ఒక రోజున, ఏదో ఒక విధంగా "పోయాడు" అని ఇంటివాళ్ళకు చెప్పక తప్పదని వాళ్ళు గ్రహించారన్న మాట. చట్టం ఇంత సున్నితం కాదు. ఏడేళ్ళ పాటు ఆచూకీ లేకపోతేనే మరణించినట్టు భావించాలని పాత సాక్ష్య చట్టం చెప్పింది, కొత్త చట్టమూ అదే గడువు ఉంచింది. 2013లో ఉత్తరాఖండ్ వరదల తర్వాత, విచారణ జరిపి, పత్రికల్లో ప్రకటన ఇచ్చి, ఏడేళ్ళు ఆగకుండానే ధ్రువీకరణ ఇచ్చే పద్ధతి తెచ్చారు. పరిహారం త్వరగా అందడానికే అది తెచ్చారని అందరూ అంటారు. నాకు మాత్రం ఆ కాగితం చేసే మరో పని కనిపిస్తుంది. కాగితం మీద ప్రభుత్వం ముద్ర వేసి చెప్పిన ఆ మాట, ఇంట్లో ఎవరూ నోరు తెరిచి అనలేని మాట.

వినడం దగ్గరికి వస్తాను. చెప్పుకుంటే బాధ తగ్గుతుందన్న మాటను పట్టుకుని, విపత్తు జరిగిన రెండు మూడు రోజుల్లోనే బాధితులను కూర్చోబెట్టి జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పించే పద్ధతి ఒకప్పుడు విదేశాల్లో విరివిగా నడిచింది. తర్వాత పరీక్షించి చూస్తే, అలా ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పించడం వల్ల తర్వాతి మానసిక వ్యాధి ఆగడం లేదని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వద్దంటోంది. దాని బదులు 2011లో ఆ సంస్థ మరికొందరితో కలిసి ప్రచురించిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకం మూడు పనులు చెబుతుంది: చూడు, విను, కలుపు. మనిషికి ఏం కావాలో చూడు, చెప్పదలిస్తే విను, కావలసిన సాయంతోనూ అయినవాళ్ళతోనూ కలుపు. ఇది చేయడానికి డాక్టరు కానక్కరలేదు. 1999లో ఒడిశా పెను తుపాను తర్వాత, 2004లో సునామీ తర్వాత బెంగళూరులోని నిమ్‌హాన్స్ మానసిక ఆరోగ్య సంస్థ వాళ్ళు ఊళ్ళలోని సాధారణ కార్యకర్తలకు ఈ రకం శిక్షణే ఇచ్చారు. తుని దారిలో బండి ఆపుకున్న ఆ డ్రైవరుకు ఏ శిక్షణా లేదు, మూడో పనిని మాత్రం అచ్చంగా చేశాడు.

ఇక మైకు ముఖానికి ఆనించి "ఆ క్షణంలో మీకేమనిపించింది?" అని అడిగే విలేకరి చేస్తున్నది వినడం కాదని వేరే చెప్పనక్కరలేదు. అదే దృశ్యాన్ని రోజంతా తిప్పి తిప్పి చూపడం దూరాన ఉన్నవారికి చేసే చెరుపు కూడా తక్కువది కాదు. ఇది ప్రకృతి విపత్తు కాదు గానీ, 2013లో బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలాక జరిగిన ఒక పరిశోధనలో, ఆ తర్వాతి వారంలో రోజుకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తలు చూసినవారిలో, ఆ స్థలంలో ఉన్నవారికంటే ఎక్కువ ఒత్తిడి లక్షణాలు కనిపించాయి. హుద్‌హుద్ రోజుల్లో అమెరికాలోనూ గల్ఫ్‌లోనూ ఉండి, విశాఖకు ఫోను కలవక, రాత్రుళ్ళు తెలుగు ఛానెళ్ళ ముందు కూర్చున్న వేల కుటుంబాల మాటేమిటో ఎవరూ అడగలేదు.

నీళ్ళు తీశాక మొదలయ్యే కబురు గురించి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. విజయవాడ వరద బాధితుల్లో నేల అంతస్తు ఇళ్ళవారికి 25,000 రూపాయలు, ఆపై అంతస్తుల వారికి 10,000 రూపాయలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకున్నారు. పిన్ని వాళ్ళు ఆ వారం మా ఇంటికి వచ్చి ఉన్నారు, అందువల్ల వాళ్ళ పేరు ఎదుట తలుపు తాళం వేసి ఉందని రాశారట. ఈ సంగతి కూడా వాళ్ళకు వెంటనే తెలియలేదు. నేను ఆవిడను తీసుకుని సంబంధిత కార్యాలయానికి వెళ్ళాను. ఏ కార్యాలయమన్నది ఇక్కడ అనవసరం. గోడకు జాబితా అంటించి ఉంది. వానకు తడిసి, కింది మూలలు చిరిగి ఉంది. దాని ముందు యాభై మంది ఉన్నారు. కొందరు ఫోనుతో ఫొటో తీసుకుని, పక్కకు వచ్చి, రెండు వేళ్ళతో పెద్దది చేసుకుంటూ పేరు వెతుక్కుంటున్నారు. చూపు ఆనని ఒకాయన తన ఆధార్ కార్డును దారినపోయేవారి చేతుల్లో పెట్టి "నా పేరుందేమో చూడు నాయనా" అని అడుగుతున్నాడు. పేరు లేనివారు ఏం చేయాలని అడిగితే "మళ్ళీ లిస్టు వస్తుంది" అన్నారు. ఎప్పుడు వస్తుందని అడిగితే "పైనుంచి రావాలి" అన్నారు. వరదలో నాలుగు రాత్రులు కన్నీరు పెట్టని మా పిన్ని ఆ గోడ ముందు నిలబడి ఏడ్చింది. అది పదివేల కోసం ఏడుపు కాదు. "నేను ఆ ఇంట్లో లేనట్టేనా?" అన్నది.

ఆ కార్యాలయంలోని ఉద్యోగి మీద నాకు కోపం లేదు. అతని కళ్ళు చూస్తే అతనూ వారం నుంచి పడుకోలేదని తెలుస్తోంది, అతని చేతిలో ఉన్న సమాచారం కూడా అంతే. కానీ అక్కడ ఒక బల్ల వేసి, మనిషిని కూర్చోబెట్టి, పేరు లేనివారి ఫిర్యాదు రాసుకుని, ఒక నంబరు వేసిన చీటీ ఇచ్చి, "శుక్రవారం సాయంత్రం నాలుగింటికి రండి, తేలినా తేలకపోయినా ఎక్కడిదాకా వచ్చిందో చెబుతాం" అనడానికి ఎంత ఖర్చవుతుంది? మానసిక సహాయానికి 14416 నంబరుతో టెలీ మానస్ సేవ 2022 నుంచి దేశమంతటా ఉంది. మంచి సేవ. అయితే ఆ గోడ ముందు నిలబడి ఏడుస్తున్న మనిషికి ఆ నంబరు ఇస్తే, అవతల ఫోనెత్తిన కౌన్సెలర్ మాత్రం ఏం చెబుతారు? ఆమె బాధకు మందు ఆ జాబితాలో ఉంది. 2009లోనే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మనోసామాజిక సహాయం మీద ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. అటువంటి మార్గదర్శకాలు జిల్లా వైద్యాధికారి బల్ల మీదే ఆగిపోకుండా, జాబితాలు అంటించే ఉద్యోగి దాకా రావాలి.

టవర్లు కూలితే ఏం చేస్తామన్న ప్రశ్నకు కూడా జవాబులు లేకపోలేదు. హుద్‌హుద్ తర్వాత, సొంత రేడియో పరికరాలతో సందేశాలు పంపుకునే హామ్ రేడియో ఔత్సాహికులు విశాఖ చేరుకుని సందేశాలు అందించారు. జపాన్‌లో 1995 కోబే భూకంపం తర్వాత 171 అనే నంబరు ఏర్పాటు చేశారు. విపత్తులో చిక్కినవారు "మేం క్షేమం, ఫలానా బడిలో ఉన్నాం" అని అందులో గొంతు రికార్డు చేసి పెడితే, అయినవాళ్ళు ఎక్కడి నుంచైనా వినవచ్చు. 2011 మార్చిలో సునామీకి ఇషినోమాకి పట్టణంలోని స్థానిక పత్రిక అచ్చుయంత్రాలు పనిచేయకుండా పోతే, ఆ పత్రికవాళ్ళు పెద్ద కాగితాల మీద మార్కర్ పెన్నులతో చేత్తో వార్తలు రాసి, ఆరు రోజుల పాటు పునరావాస కేంద్రాల గోడలకు అంటించారు. గోడ మీద కాగితమే అక్కడా, ఇక్కడా. ఒకటి మనుషులను నిలబెట్టింది, ఇంకొకటి మా పిన్నిని ఏడిపించింది.

మా అమ్మ మాట చెప్పి ఆపుతాను. హుద్‌హుద్ తర్వాత ఆవిడ ఒక అరవై పేజీల నోటుపుస్తకం కొనుక్కుంది. అందులో మా అందరి నంబర్లూ, పక్కింటివాళ్ళ పిల్లల నంబర్లూ, పాలాయన నంబరూ ఉన్నాయి. సెల్‌ఫోను ఆరిపోతే ఒక్క నంబరూ నోటికి రాలేదన్న అవమానం ఆవిడను అప్పట్లో బాగా పట్టుకుంది. వాయుగుండం అన్న మాట టీవీలో వినిపిస్తే చాలు, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఆ పుస్తకం బియ్యం డబ్బాలోంచి బయటికి వస్తుంది. చాలా ఏళ్ళు మేం దీన్ని చూసి నవ్వాం, డాక్టరుకు చూపిద్దామా అని కూడా ఒకసారి అనుకున్నాం. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటబోతున్నప్పుడు, విశాఖలో గాలి మొదలైందని చెబుతూ అమ్మ ఫోను చేసింది.

"మాట తెగిపోతే గాభరా పడకు. ఎదురింటి అబ్బాయి రేపు పొద్దున్నే పదింటికి సిగ్నల్ ఉన్న చోటికి వెళ్ళి నీకు చేస్తాడు. వాడి నంబరు చెబుతాను, రాసుకో. ఫోన్లో కాదు, కాగితం మీద."

రాసుకున్నాను. ఆ రాత్రి ఫోను తెగలేదు. పదింటికి ఎదురింటి అబ్బాయి చేశాడు.